మాల్ కట్టేవాడు ఊరికి ఏం కట్టాలి?



ఈసారి రాసేది పంట గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. షాపింగ్ మాళ్ల గురించి. "మనకి మాల్‌తో ఏటి పని బాబూ, ఊడుపుల రోజుల్లో ఈ గోల ఎందుకు" అని కొందరు అంటారని తెలుసు. కాస్త పెద్ద పోస్టే. ఓపిక ఉంటే చివరిదాకా చదవండి. చదివాక పనికిరాదు అనిపిస్తే నన్ను తిట్టండి, పడతాను.

పని ఎందుకుందో ముందు చెప్తాను. మన ఏటికొప్పాక నుంచి పెద్ద రోడ్డు ఎంతో దూరం లేదు. ఇటు యలమంచిలి, అటు అడ్డరోడ్డు, ఆ పైన నక్కపల్లి. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన నిన్నటిదాకా వరి మళ్లు, చెరకు తోటలు ఉన్నచోట ఈరోజు రాళ్లు పాతి రంగులేసిన లేఅవుట్లు కనపడుతున్నాయి. 2022లో అనకాపల్లి జిల్లా అయింది. నక్కపల్లి వైపు మందుల పార్కుకి 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. ఉక్కు ఫ్యాక్టరీ కూడా ఆ పక్కనే అంటున్నారు. ఫ్యాక్టరీ వచ్చినచోటికి జీతాలు వస్తాయి. జీతాలు వచ్చినచోటికి దుకాణాలు వస్తాయి. మొదట టీ కొట్టు, తర్వాత బట్టల షోరూము, ఆ తర్వాత సినిమా హాళ్లతో కలిపి మాల్. విశాఖలో అయింది, అనకాపల్లిలో అవుతోంది, మన దగ్గర ఎన్నాళ్లకి అన్నదొక్కటే తేలాలి.

అది వచ్చిన రోజున ఎవరి మడిలోకి నీళ్లు తోలతారు, ఎవరి దారి మూసుకుపోతుంది, ఎవరి బోరు ఎండుతుంది అనేది వచ్చాక మాట్లాడితే లాభం లేదు. రాకముందే మాట్లాడాలి. అందుకే ఈ పోస్టు.

ముందు అసలు విషయం. పట్టణాల్లో పెద్ద భవనం కట్టేవాడి దగ్గర అనుమతి ఇచ్చేటప్పుడే ఒక డబ్బు వసూలు చేస్తారు. దాన్ని ఇంపాక్ట్ ఫీజు అంటారు. మన మాటలో చెప్పాలంటే ప్రభావ రుసుము. నువ్వు కట్టే భవనం వల్ల ఊరి రోడ్డు మీద, కాలువ మీద, నీటి మీద, కరెంటు మీద ఎంత భారం పడుతుందో ఆ భారం మోయడానికి అయ్యే ఖర్చులో నీ వాటా ముందే కట్టు అని అర్థం. ఇది పన్ను కాదు, రుసుము. ఈ రెండింటికీ తేడా ఉంది. పన్ను అంటే ప్రభుత్వం తీసుకుని దేనికైనా ఖర్చు పెట్టుకోవచ్చు. రుసుము అంటే తీసుకున్నదానికి బదులుగా ఏదో ఒక పని చేసిపెట్టాలి. ఈ తేడాని మన సుప్రీంకోర్టు 1954లోనే శిరూరు మఠం కేసులో చెప్పింది.

మనకి ఇది కొత్త సంగతేం కాదండి. మన పంట మార్కెట్ కమిటీ పరిధిలో అమ్ముడైతే కొన్నవాడు మార్కెట్ ఫీజు కట్టాలి. ఆ డబ్బుతో యార్డులు, గోదాములు, లింకు రోడ్లు వెయ్యాలి. అంటే వ్యాపారం ఏ రోడ్డు మీద నడుస్తోందో ఆ రోడ్డుకి వ్యాపారం నుంచే కొంత డబ్బు. న్యాయమైన లెక్కే. ఆ లింకు రోడ్లు నిజంగా పడ్డాయా, మన ఊరి ఫీజు మన ఊరికే వచ్చిందా అనేది వేరే సంగతి. ఆ సంగతికి కిందన వస్తాను, ఎందుకంటే మాళ్ల ఫీజుకి కూడా ఇదే జబ్బు.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో హైదరాబాదు భవన నిబంధనలు మార్చినప్పుడు నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజు అని పెట్టారు. 2012 ఏప్రిల్‌లో 168 నంబరు జీవోతో రాష్ట్రం మొత్తానికి కొత్త భవన నిబంధనలు వచ్చాయి, వాటిలోనూ ఈ ఫీజు ఉంది. ఆ నిబంధనలో మంచి మాటలు రెండున్నాయి. ఒకటి, ఈ డబ్బుని మామూలు ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి. రెండు, అందులో సగం ఆ భవనం ఉన్న ప్రాంతంలోనే వసతులకి ఖర్చు చెయ్యాలి, మిగతా సగం నగరం మొత్తానికి పనికొచ్చే పెద్ద పనులకి. దీనికి ముందే ఒక ప్రణాళిక ఉండాలి అని కూడా రాశారు. కాగితం మీద చూస్తే బాగుంది కదా?

అయితే అదే నిబంధనలో ఒక మెలిక ఉంది. భవనంలో మొదటి 15 మీటర్ల ఎత్తు వరకు, లేదా 5 అంతస్తుల వరకు, ఏది తక్కువైతే అంతవరకు, ఈ ఫీజు లేదు. ఆ పైన లేచే అంతస్తులకే ఫీజు.

ఇక్కడ నాకు అభ్యంతరం. ఎత్తుని బట్టి ఫీజు వెయ్యడం ఎత్తయిన అపార్టుమెంట్లకి సరిపోతుందేమో గానీ, మాల్‌కి సరిపోదు. ఆలోచించండి. మన పక్కన హైవే మీద స్థలం ఉన్నవాడు ఆకాశంలోకి ఎందుకు కడతాడు? పదెకరాలు తీసుకుని మూడంతస్తులు కడతాడు, మిగతా అంతా కారు పార్కింగు కోసం సిమెంటు పరుస్తాడు. ఎత్తు 15 మీటర్లు దాటదు. ఈ ఫీజు సున్నా. కానీ ఆ మూడంతస్తుల్లోకి రోజుకి వేల మంది వస్తారు. పక్కన ఏడంతస్తుల అపార్టుమెంటులో నలభై కుటుంబాలు ఉంటాయి, వాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు, అయినా పై రెండంతస్తులకి ఫీజు కట్టాలి. రోడ్డు మీద భారం ఎవరిది ఎక్కువ?

మన సహకార చక్కెర ఫ్యాక్టరీ సంగతి తెలిసినవాళ్లకి దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. 1933లో పెట్టిన సొసైటీ అది. చెరకు బండి లోపలికి వెళ్తే ఎవరైనా బండి ఎత్తు చూసి డబ్బులిచ్చారా? కాటా మీద ఎక్కించి, టన్నులు చూసి లెక్క కట్టారు. ఒకడు గడలు నిలువుగా పేర్చి బండిని కొండలా చూపించినా, ఇంకొకడు ఒత్తుగా కట్టి పొట్టిగా తెచ్చినా, కాటా చెప్పిందే లెక్క. భవనానికి కూడా కాటా ఉండాలి. ఎత్తు కొలిచే టేపు సరిపోదు.

అలాంటి కాటా ఉందా అంటే ఉంది. అమెరికాలో దశాబ్దాలుగా వాడుతున్నారు. అక్కడ ట్రాఫిక్ ఇంజనీర్ల సంఘం ఒక పుస్తకం వేస్తుంది. ఏ రకం భవనానికి రోజుకి ఎన్ని రాకపోకలు ఉంటాయో కొలిచి అందులో పెడతారు. షాపింగ్ సెంటరుకి వెయ్యి చదరపు అడుగుల దుకాణ స్థలానికి రోజుకి సుమారు 37 రాకపోకలు అని వాళ్ల లెక్క. కారు లోపలికి వస్తే ఒకటి, బయటికి పోతే ఇంకొకటి.

దీంట్లో ఇంకో చక్కటి వివరం ఉంది. మాల్‌కి వచ్చినవాళ్లందరూ కొత్తగా రోడ్డు ఎక్కినవాళ్లు కాదు. ఎలాగూ ఆ దారిన ఇంటికి పోతూ మధ్యలో ఆగి సబ్బు కొనుక్కుని పోయేవాళ్లు కూడా ఉంటారు. మనం తుని నుంచి వస్తూ అడ్డరోడ్డు దగ్గర ఆగి టీ తాగినట్టు. ఆ టీ కొట్టు వల్ల మనం రోడ్డెక్కలేదు కదా. సాయంత్రం రద్దీ వేళ షాపింగ్ సెంటరుకి ఇలా దారిన పోతూ ఆగేవాళ్లు దాదాపు మూడోవంతు ఉంటారని అక్కడి కొలతలు. ఆ భాగాన్ని తీసేసి మిగతాదానికే ఫీజు వేస్తారు. అంటే కట్టేవాడికి కూడా అన్యాయం జరగకుండా లెక్క.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకి పెట్టుకున్న అంకెలు, ఎక్కడా జరిగింది కాదు. లక్ష చదరపు అడుగుల మాల్ అనుకోండి. వెయ్యికి 37 చొప్పున రోజుకి 3,700 రాకపోకలు. మూడోవంతు తీసేస్తే మిగిలేవి సుమారు 2,467. రోడ్డు వెడల్పు చెయ్యడానికి 10 కోట్లు ఖర్చవుతుంది, దానివల్ల ఆ రోడ్డు రోజుకి అదనంగా 20,000 రాకపోకలు మోయగలదు అనుకోండి. ఒక్కో రాకపోకకి 5,000 రూపాయలు. మాల్ వాటా 2,467 ఇంటూ 5,000, సుమారు 1 కోటి 23 లక్షలు. అంతే. మొత్తం 10 కోట్లు వాడి నెత్తిన పెట్టలేదు, సున్నా అని వదిలెయ్యలేదు. వాడి వంతు ఎంతో అంతే. మన దగ్గర కార్ల కంటే బైకులు, ఆటోలు ఎక్కువ కాబట్టి అమెరికా అంకెలు అలాగే దించితే కుదరదు, మన రోడ్ల మీద మనమే లెక్కపెట్టుకోవాలి. లెక్కపెట్టడం బ్రహ్మవిద్య కాదు. జంక్షన్లో నలుగురు డిగ్రీ పిల్లల్ని వారం రోజులు కూచోబెడితే అయిపోతుంది.

రోడ్డు ఒక్కటే కాదండి. మనకి రోడ్డు కంటే ముఖ్యం నీళ్లు. ఇది పట్నం ఇంజనీర్లకంటే రైతుకే బాగా తెలుసు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. తుఫానుకి ఒక్క పూటలో 5 సెంటీమీటర్ల వాన పడింది అనుకోండి, మనకి అది పెద్ద వింత కాదు. ఎకరానికి 2 లక్షల లీటర్లు పడ్డట్టు. గట్టు ఉన్న వరి మడి ఆ నీటిలో చాలా భాగాన్ని పట్టి ఉంచుతుంది, మెల్లగా ఇంకిస్తుంది. అదే పదెకరాలు సిమెంటు పరిస్తే 20 లక్షల లీటర్లలో దాదాపు అంతా గంటల్లో బయటికి పోవాలి. 5,000 లీటర్ల ట్యాంకరుతో లెక్కేస్తే 400 ట్యాంకర్లు. ఆ నీరు ఎటు పోతుంది? పల్లానికి. పల్లంలో ఎవరున్నారు? మనమే.

ఇది ఊహ కాదు. రోడ్డు పక్కన ఒక వ్యాపారి స్థలం మెరక చేసి పెద్ద షెడ్డు లేపాడు. పేరు అనవసరం. మెరక చేసేటప్పుడు పాత తూము పూడిపోయింది. ముందు గెడ్డలోకి పోయే వాన నీరు ఇప్పుడు నాకున్న రెండెకరాల్లో ఎకరంన్నర మీద నిలబడుతోంది. ఈనిక దశలో నాలుగు రోజులు నీరు నిలబడితే వరి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అడిగితే "మాకు అనుమతి ఉంది" అన్నారు. నిజమే, ఉంది. అనుమతిలో భవనం ఉంది, పార్కింగు ఉంది, మంటలార్పే ఏర్పాటు ఉంది. పల్లంలో ఉన్న మడి మాత్రం లేదు. మనం లేని కాగితం మీద మన నష్టం ఎలా కనపడుతుంది? ఇంపాక్ట్ ఫీజు అసలు ఉద్దేశం ఆ కాగితం మీదకి మనల్ని ఎక్కించడమే.

ఇక అవతలి మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రభుత్వం చేతికి ఫీజు అనే కర్ర దొరికితే ఎవర్ని పడితే వాళ్లని కొట్టదా? కొడుతుంది. అమెరికాలో అదే జరిగింది, కోర్టులు ఆపాయి. ఒరెగాన్ రాష్ట్రంలో టైగార్డ్ అనే ఊళ్లో ఫ్లోరెన్స్ డోలన్ అనే ఆవిడకి ప్లంబింగు, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉండేది. దుకాణం పెద్దది చేసి పార్కింగుకి గచ్చు వేస్తానంటే, ఊరి పెద్దలు వరద కాలువకి, సైకిలు దారికి నీ స్థలంలో కొంత రాసియ్యి అన్నారు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో కోర్టు చెప్పింది ఏంటంటే, నువ్వు అడిగేది ఆ దుకాణం వల్ల పడే భారానికి ఇంచుమించు తగ్గట్టు ఉండాలి, ఆ సంగతి చూపించాల్సింది అడిగిన ఊరే. 2024లో కాలిఫోర్నియాకి చెందిన జార్జ్ షీట్జ్ కేసులో ఇంకో అడుగు వేశారు. ఆయన తన స్థలంలో చిన్న రెడీమేడ్ ఇల్లు పెట్టుకుంటానంటే కౌంటీ వాళ్లు 23 వేల డాలర్లకు పైగా ట్రాఫిక్ ఫీజు అడిగారు. చట్టసభ పెట్టిన ఫీజు అయినంత మాత్రాన ఆ పరీక్ష నుంచి తప్పించుకోలేదు అని సుప్రీంకోర్టు అంది.

ఈ కేసులు మనకెందుకంటే, రేపు మన ఊరి లక్క బొమ్మల పని చేసే కుర్రాడు ఒకడు అడ్డరోడ్డు దగ్గర చిన్న కొట్టు పెట్టుకుంటాడు. 2017లో మన బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన బొమ్మల శకటం నడిచింది. ఆ కుర్రాడు పైన ఒక గది వేసుకుంటానంటే మాల్ రేటు ఫీజు వేస్తే వాడు ఏమైపోతాడు? అందుకే నేను ఫీజు కావాలి అంటున్నాను, కానీ కొలతతో కావాలి అంటున్నాను. భారం వేసినవాడు కట్టాలి, వెయ్యనివాడిని వదలాలి.

ఇక పెద్దవాళ్ల సంగతికి వద్దాం. విశాఖలో రెండు మాళ్ల కథ మీకు పేపర్లలో చదివి తెలిసే ఉంటుంది. సాలగ్రామపురం దగ్గర పోర్టు స్థలం 17 ఎకరాల్లో ఇనార్బిట్ మాల్‌కి 2023 ఆగస్టు 1న అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 600 కోట్ల పెట్టుబడి అన్నారు. లులు వాళ్లకి బీచ్ రోడ్డు దగ్గర స్థలం ఒక ప్రభుత్వం ఇచ్చింది, 2019లో ఇంకో ప్రభుత్వం రద్దు చేసింది, 2025లో మళ్లీ 99 ఏళ్ల లీజుకి కేటాయించారు. ఏ పార్టీ మంచిది ఏది చెడ్డది అనే గొడవలోకి నన్ను లాగకండి, ఈ పేజీ అందుకు కాదు. నేను చెప్పేది ఒక్కటే. మాల్ వచ్చేటప్పుడు పేపర్లో ఏం రాస్తారు? ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని తెరల సినిమా హాలు. ఆ జంక్షన్లో రోజుకి ఎన్ని బళ్లు పెరుగుతాయి, ఆ నీరు ఏ కాలువలో కలుస్తుంది, ఆ రెండింటికీ మాల్ వాళ్లు కట్టింది ఎంత, ఈ మూడు అంకెలు ఎప్పుడైనా మొదటి పేజీలో చూశారా? ఆ మూడు అంకెలు అడిగే అలవాటు మనకి రావాలి.

రాయితీ ఇచ్చినా నాకు కోపం లేదు. ప్రభుత్వానికి ఆ హక్కు ఉంది. కానీ రాయితీ అంటే ఖర్చు మాయమైపోయినట్టు కాదు. కాలువ తవ్వాల్సిందే, రోడ్డు వెయ్యాల్సిందే. మాల్ కట్టకపోతే ఆ ఖర్చు ఎవరో ఒకరు కడతారు. పన్నుల్లో మనమే కడతాం, లేదా కాలువ తవ్వక మన మడి మునిగి కడతాం. ఇంత మాఫీ చేశాం, దాన్ని ఫలానా పద్దు నుంచి పూడుస్తున్నాం అని రాసి చూపిస్తే అది నిజాయితీ.

ఇప్పుడు మన జేబుకి దగ్గరగా ఉన్న సంగతి. వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చాలంటే 2006 నుంచి నాలా చట్టం ఉండేది కదా, రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగడం, ఫీజు కట్టడం. మన ప్రభుత్వం ఆ చట్టాన్ని తీసేసి, దాని బదులు భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి రుసుము అని పెట్టింది. లేఅవుట్‌కో భవనానికో అనుమతి తీసుకునేటప్పుడే కట్టాలి. తిరుగుడు తగ్గింది, అది మంచిదే. బాహ్య అభివృద్ధి అంటే ఏంటి? స్థలం లోపల కాదు, స్థలం బయట చెయ్యాల్సిన రోడ్డు, కాలువ, నీటి పైపు. పేరులోనే ఉంది పని. అంటే ఇది కూడా ఒక రకం ఇంపాక్ట్ ఫీజే.

హర్యానాలో ఇలాంటి రుసుము 1975 చట్టం నుంచే ఉంది. గుర్‌గావ్ అంతా అలా పెరిగిందే. అక్కడ బిల్డర్లు ఈ రుసుము వేల కోట్లలో బకాయి పడ్డారు, ఇళ్లు కొనుక్కున్నవాళ్లు రోడ్లు లేక, వానాకాలం నీళ్లలో ఈదుతూ కూచున్నారు. వాయిదాలు ఇచ్చి వసూలు చెయ్యకపోతే ఏమవుతుందో చూడటానికి గుర్‌గావ్ చాలు.

ఈ 4 శాతంలో మనకి రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఇది కూడా భారాన్ని కొలవదు, భూమి విలువని కొలుస్తుంది. ఎకరంలో గోదాము పెట్టినా, మాల్ పెట్టినా, భూమి విలువ ఒకటే అయితే రుసుము ఒకటే. గోదాముకి రోజుకి పది లారీలు వస్తాయి, మాల్‌కి వేల బళ్లు వస్తాయి.

రెండోది ఇంకా ముఖ్యం. రుసుము కాగితం మీద కొనేవాడు కడతాడు. నిజంగా ఎవరు కడతారు? ప్రభుత్వ విలువ ఎకరం 50 లక్షలున్న చోట 4 శాతం అంటే 2 లక్షలు. కొనేవాడు ముందే లెక్క వేసుకుని ఉంటాడు. "బాబాయ్, నాకు రుసుము ఇంత పడుతుంది, అందుకని ఇంతకే తీసుకుంటాను" అంటాడు. ఆ 2 లక్షలూ, లేదా అందులో చాలా భాగం, అమ్మేవాడి ధరలోంచే తగ్గుతుంది. పిల్ల పెళ్లికో అప్పుకో అమ్ముకునే రైతుకి బేరమాడే బలం ఉండదు. అంటే రుసుములో పెద్ద వాటా కట్టింది మనమే అనుకోండి. అప్పుడు ఆ డబ్బుతో వెయ్యాల్సిన కాలువ మన ఊళ్లో పడిందా లేదా అని అడిగే హక్కు మనకి రెండింతలు ఉంది. పక్కన ఉండిపోయి ఇంకా సాగు చేసే రైతు తరఫునా, అమ్ముకుని వెళ్లిపోయిన రైతు తరఫునా.

మొన్న ఒక మిత్రుడితో ఈ మాట అంటే ఆయన అన్నాడు, "అన్నా, నువ్విలా ఫీజులు ఫీజులు అంటే ఎవడూ రాడు. మన పిల్లలకి ఉద్యోగాలు పోతాయి. ఉన్న ఫ్యాక్టరీ ఎలాగూ పోయింది, వచ్చేదాన్ని కూడా తరిమేస్తావా?" ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోనూ చదువుకున్న పిల్లలున్నారు. కానీ వ్యాపారస్తుడు దేనికి భయపడతాడో చూడండి. తెలిసిన ఖర్చుకి వాడు భయపడడు. దాన్ని అద్దెలో కలుపుకుంటాడు, స్థలం ధరలో తగ్గించుకుంటాడు. తెలియని ఖర్చుకి భయపడతాడు. ఏ ఆఫీసులో ఎవరు ఎంత అడుగుతారో, ఎన్నికల తర్వాత ఎవరు రద్దు చేస్తారో అని భయపడతాడు. చదరపు అడుగుకి ఇంత, ఈ తేదీలోగా, ఈ ఖాతాలో అని గోడ మీద రాసి ఉంటే నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి అది మేలే. ఇంకోటి, కస్టమర్లు రావాలంటే రోడ్డు బాగుండాలి, వానాకాలం పార్కింగులో మోకాలి లోతు నీరు ఉండకూడదు. అది మాల్‌కి కూడా అవసరమే.

అయినా సరే, ఫీజు వసూలైతే చాలు అనుకుంటే పొరపాటు. వసూలు సగం పని. ఖర్చు రెండో సగం. ఇందాక మార్కెట్ ఫీజు జబ్బు అన్నాను కదా, అదే ఇక్కడా వస్తుంది. డబ్బు పైకి పోతుంది, కిందకి రాదు. దీనికి అమెరికాలో రెండు రాష్ట్రాలు మంచి మందు కనిపెట్టాయి, రెండూ 1987లోనే. టెక్సస్ చట్టం ప్రకారం ముందుగా పనుల ప్రణాళిక తయారుచేశాకే ఫీజు వెయ్యాలి, పదేళ్లలో ఆ డబ్బు ఖర్చు పెట్టకపోతే కట్టినవాడు వెనక్కి అడగొచ్చు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం డబ్బుని వేరే ఖాతాలో పెట్టి ఏటా లెక్క బయటపెట్టాలి, ఐదేళ్లకోసారి మిగిలిన డబ్బు దేనికోసం ఉంచారో చెప్పాలి, చెప్పలేకపోతే తిరిగి ఇచ్చెయ్యాలి. ఇలాంటి గడువు ఉంటే ఆఫీసులో ఫైలు దానంతటదే కదులుతుంది. మన నిబంధనల్లో వేరే ఖాతా అని రాశారు, సగం అక్కడే ఖర్చు అని రాశారు. ఎన్నేళ్లలో అన్నది రాసి, తప్పితే ఏమవుతుందో కూడా రాస్తే పూర్తవుతుంది.

నా అభిప్రాయం క్లుప్తంగా రాస్తున్నాను. మీరు ఒప్పుకోకపోతే వాదించండి.

1. మాల్ ఫీజుని ఎత్తుని బట్టి, భూమి విలువని బట్టి కాకుండా, రాకపోకలు ఎన్ని, సిమెంటు పరిచిన స్థలం ఎంత, వాడే నీరు ఎంత అనే మూడింటిని బట్టి వెయ్యాలి.

2. చిన్న కొట్లకి, ఇంటి కింద పెట్టుకున్న దుకాణాలకి, చేతిపని వాళ్లకి పూర్తిగా మినహాయింపు ఉండాలి.

3. తన స్థలంలోనే చెరువులాంటి గుంట తవ్వి వాన నీరు ఆపినవాడికి, ఇంకుడు గుంతలు నిజంగా పని చేసేలా పెట్టినవాడికి ఫీజు తగ్గించాలి. డబ్బు కంటే నీరు ఆగడమే మనకి కావాలి.

4. సగం డబ్బు ఆ ప్రాంతంలోనే అన్నప్పుడు ఆ ప్రాంతం అంటే ఏది? భవనం ముందు ఫుట్‌పాత్ కాదు. దాని నీరు ఏ గెడ్డలో కలుస్తుందో ఆ గెడ్డ చివరిదాకా. మాల్ మున్సిపాలిటీలో ఉండి నీరు పంచాయతీ మీద పడితే, పంచాయతీకి వాటా రావాలి.

5. అనుమతి ఇచ్చేముందు పల్లంలో ఉన్న రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఆ ఫైల్లో ఉండాలి. గ్రామసభలో చదవాలి.

6. మాఫీ చేస్తే ఎంత మాఫీ చేశారో, దాన్ని ఎవరు పూడుస్తారో బహిరంగంగా చెప్పాలి.

7. ఐదేళ్లలో పని మొదలవ్వకపోతే ఆ డబ్బు పూర్తిగా ఆ ఊరి పంచాయతీకే ఇచ్చెయ్యాలి. అమెరికాలో కట్టినవాడికి ఇస్తారు. మన దగ్గర కట్టింది ఎక్కువగా భూమి అమ్ముకున్న రైతే కాబట్టి ఊరికి రావడం న్యాయం.

ఇవన్నీ జరగడానికి చట్టం మారాలి, మన చేతిలో లేదు అంటారేమో. ఒక పని మాత్రం మన చేతిలో ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకార్డు వాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయండి. మా పంచాయతీ పరిధిలో ఫలానా సంవత్సరం నుంచి ఎన్ని లేఅవుట్లకి, వ్యాపార భవనాలకి అనుమతి ఇచ్చారు? ఒక్కోదాని నుంచి అభివృద్ధి రుసుము ఎంత వసూలైంది? అది ఏ ఖాతాలో ఉంది? దాంట్లోంచి మా ఊళ్లో ఏ పనికి ఎంత ఖర్చు పెట్టారు?

ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. హైవే పక్కన ఉన్న పది ఊళ్ల నుంచి పది దరఖాస్తులు ఒకే వారం వెళ్తే ఎవరో ఒకరు ఆ లెక్క తీసి బల్ల మీద పెట్టాల్సి వస్తుంది. దరఖాస్తు రాయడం రానివాళ్లు నాకు చెప్పండి, నేను రాసి పెడతాను. ఈ కోత అయ్యేలోపు మన ఊరిది నేను వేస్తున్నాను. జవాబు వచ్చినా, రాకపోయినా, వచ్చింది వచ్చినట్టు ఇక్కడే పెడతాను. మీ ఊరి లెక్క మీరూ పెట్టండి.

జై కిసాన్.